బెంగళూరు నుంచి కబిని అడవికి: పులి కనబడినా కనబడకపోయినా గిట్టుబాటయ్యేలా ఎలా వెళ్ళి రావాలి

బెంగళూరులో ఉండే మనవాళ్ళలో చాలామందికి అడవికి వెళ్దామన్న ఆలోచన శుక్రవారం మధ్యాహ్నం, ఆఫీసులో కూర్చుని ఉండగా వస్తుంది. శనివారం పొద్దున బయల్దేరతారు, మధ్యాహ్నానికి గేటు దగ్గర సీట్లు లేవనిపించుకుని, మైసూరు జూ చూసి వెనక్కి వస్తారు. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే టెన్షన్ ఇంకాస్త ఎక్కువ. కాబట్టి మహదేవపురలోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉంటూ, ఇంట్లోవాళ్ళందరినీ కారెక్కించుకుని నాగరహొళె అడవికి, అదీ కబిని వైపు నుంచి, ఒక రాత్రి ఉండేలా వెళ్ళాలనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బందీపూర్ కూడా పక్కనే, మధ్యలో అడ్డంగా ఉన్నది కబిని జలాశయం, అందుకని ఇందులో చాలా విషయాలు అక్కడికీ సరిపోతాయి.

బయల్దేరకముందే ఇంట్లో ఒక సంగతి తేల్చేసుకోండి, పులి కనబడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2022 లెక్కల ప్రకారం బందీపూర్‌లో 150, నాగరహొళెలో 141 పులులున్నాయి, దేశంలో కార్బెట్ తర్వాత ఎక్కువ పులులున్న అడవులు ఈ రెండే. అంకె చూస్తే మలుపు మలుపుకీ ఒకటి ఎదురొస్తుందనిపిస్తుంది గానీ, నాగరహొళె ఒక్కటే 640 చదరపు కిలోమీటర్ల పైమాట, సఫారీ బండ్లు తిరిగేది అందులో చిన్న ముక్కలోనే. పులి తప్ప ఇంకేదీ లెక్కలోకి రాదనుకుని కూర్చున్నవాళ్ళు మూడు గంటలూ విసుక్కుంటూ ఫోన్ చూసుకుంటారు, ఆ మూడు గంటల్లోనే పక్కనుంచి రేచుకుక్కల, అంటే అడవికుక్కల, గుంపు వెళ్ళిపోతుంది. నన్నడిగితే పులి కన్నా రేచుకుక్కల వేట చూడటమే అరుదైన అదృష్టం.

ఏ అడవి, ఏ నెల

చేతిలో సగం రోజే ఉండి, చిన్నపిల్లలుంటే బన్నేరుఘట్ట చాలు. ఊరి పక్కనే ఉంది, మంగళవారం సెలవు. కానీ అక్కడ సఫారీలో చూసే పులులు, సింహాలు కంచె లోపల పెంచినవి. అది జూ సఫారీ, తప్పేమీ లేదు, పిల్లలు సంతోషిస్తారు, అడవి చూశామని మాత్రం అనుకోవద్దు.

అడవే కావాలంటే బందీపూర్, నాగరహొళెల్లో ఏదో ఒకటి. బందీపూర్‌కి దారి తేలిక, ఊటీ వెళ్ళే రోడ్డు మీదే కాబట్టి ఆగి చూసి పోయేవాళ్ళు కూడా ఎక్కువ, ఫలితంగా రద్దీ. నాగరహొళెకి మూడు వైపుల నుంచి వెళ్ళొచ్చు. హుణసూరు దగ్గరి వీరనహొసహళ్ళి, కొడగు అంచున కుట్ట దగ్గరి నాణచ్చి, దక్షిణాన కబిని ఒడ్డున దమ్మనకట్టె. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను దమ్మనకట్టె వైపే చెప్తాను, ఎందుకంటే అక్కడ అడవితో పాటు నీళ్ళు కూడా ఉన్నాయి, అంటే జీపుతో పాటు పడవ కూడా ఉంది.

నెల విషయంలో మన అలవాటు తలకిందులు చేసుకోవాలి. దసరా సెలవులు, క్రిస్మస్ అంటే వాతావరణం హాయిగా ఉంటుంది, అడవి పచ్చగా ఉంటుంది, కానీ పొదల వెనక ఏముందో కనబడదు. జంతువులు బాగా కనబడేది ఎండాకాలంలో. ఫిబ్రవరి, మార్చికల్లా ఆకులు రాలిపోతాయి, మోదుగ పూలు మంట పెట్టినట్టు ఉంటాయి. ఏప్రిల్, మేల్లో కబిని నీళ్ళు వెనక్కి తగ్గి, మునిగి ఉన్న నేల బయటపడి దాని మీద గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కోసం, నీళ్ళ కోసం చుట్టుపక్కల అడవుల నుంచి ఏనుగులు దిగి వస్తాయి. ఒక్కో సాయంత్రం ఎటు చూసినా మందలే, ఆసియా ఏనుగులు ఇంత పెద్ద సంఖ్యలో ఒకచోట చేరే తావులు ప్రపంచంలోనే తక్కువ. వానలు మొదలవగానే మళ్ళీ అడవిలోకి సర్దుకుంటాయి. ఎండ వేడి భరించాలి, దుమ్ము తినాలి, అయినా పిల్లల వేసవి సెలవులూ అప్పుడే కాబట్టి మనకి కలిసొచ్చే కాలం అదే. కార్చిచ్చుల కాలం కూడా అదే అన్నది మరిచిపోవద్దు. 2019 ఫిబ్రవరిలో బందీపూర్‌లో వేల ఎకరాలు కాలిపోయాయి. సిగరెట్ అలవాటున్న బావగారు గుంపులో ఉంటే ఆ పెట్టె ఇంట్లోనే పెట్టించండి.

సీటు దొరికించుకోవడం

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. రూము బుక్ చేసుకుంటే సఫారీ కూడా దొరికినట్టే అనుకుంటారు. కబినిలో ప్రైవేటు రిసార్టులకి సొంత బండ్లు అడవిలోకి తోలుకెళ్ళే హక్కు లేదు. సఫారీ నడిపేది అటవీశాఖ, లేకపోతే కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ అండ్ రిసార్ట్స్, దాన్నే అందరూ జేఎల్‌ఆర్ అంటారు. రిసార్టువాళ్ళు వీళ్ళ దగ్గరే మీకు సీట్లు తీసి ఇస్తారు, ఆ సీట్లకి పరిమితి ఉంది. కాబట్టి డబ్బు కట్టే ముందు ఫోన్‌లో సూటిగా మూడు ప్రశ్నలు అడగండి. సఫారీ రూము రేటులో కలిసి ఉందా, విడిగానా? మా అందరికీ ఏ తేదీ ఏ పూట సీట్లు ఖాయం? జీపా, బస్సా, పడవా? "వచ్చాక చూద్దాం సార్" అన్నారంటే ఇంకో చోట చూసుకోండి.

ఖర్చు కాస్త ఎక్కువైనా పర్వాలేదంటే కారాపురలో ఉన్న జేఎల్‌ఆర్ వారి కబిని రివర్ లాడ్జ్‌లో దిగడం మంచిది, సఫారీలు ప్యాకేజీలోనే ఉంటాయి, ఒకప్పుడు మైసూరు మహారాజుల వేట బంగళా ఉన్న చోటు అది. బడ్జెట్ చూసుకునేవాళ్ళు హెచ్.డి.కోటె వైపు హోమ్‌స్టేలో దిగి, దమ్మనకట్టెలో అటవీశాఖ బస్సు సఫారీకి ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవచ్చు. శని, ఆదివారాలు వదిలేసి మంగళ, బుధవారాల్లో వెళ్ళగలిగితే సీటూ దొరుకుతుంది, అడవిలో బండ్ల గోలా తగ్గుతుంది. రెండు రోజులు లీవు పెట్టడానికి ఇంతకంటే మంచి కారణం ఉండదు.

బుక్ చేసే రోజునా, బయల్దేరే ముందు రోజునా సఫారీ నడుస్తోందో లేదో కనుక్కోండి. 2025 నవంబరులో అడవి అంచు ఊళ్ళలో పులుల దాడుల్లో రైతులు చనిపోయాక, బందీపూర్, నాగరహొళె రెండింట్లోనూ ప్రభుత్వం సఫారీలు ఆపేసి, ఆ సిబ్బందిని పులుల గాలింపుకి పంపింది. మనకి వీకెండ్ పాడైందన్న బాధ, అక్కడివాళ్ళకి పొలంలోకి వెళ్ళాలంటే భయం. ఇలాంటప్పుడు డబ్బు తిరిగి వస్తుందా, తేదీ మారుస్తారా అన్నది ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

దారి

పొద్దున ఆరుకల్లా ఊరు దాటండి. మొత్తం 210, 220 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే అయిదు గంటలు. మైసూరు దాకా 275వ నంబరు జాతీయ రహదారి, 2023లో తెరిచిన కొత్త రోడ్డు. వేగం వందకు మించితే కెమెరాలు పట్టేస్తాయి, బైకులకి మెయిన్ రోడ్డు మీద అనుమతి లేదు, సర్వీసు రోడ్డులోనే వెళ్ళాలి. ఈ రోడ్డు బిడది, రామనగర, మద్దూరు ఊళ్ళని పక్కకి నెట్టేసింది, కాబట్టి బిడదిలో తట్టె ఇడ్లీ తినాలంటే ముందే చూసుకుని దిగాలి, దాటేశాక వెనక్కి రావడం పెద్ద చుట్టు.

మైసూరు ఊళ్ళోకి వెళ్ళకుండా రింగురోడ్డు పట్టుకుని హెచ్.డి.కోటె రోడ్డులోకి తిరగండి. హెచ్.డి.కోటె దాటక ముందే పెట్రోలు, ఏటీఎం, మందుల షాపు పనులన్నీ ముగించండి. అంతరసంతె దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఒంటిగంటకల్లా చేరితే భోంచేసి, కాస్త నడుం వాల్చి, మధ్యాహ్నం సఫారీకి తయారవ్వచ్చు.

అటునుంచి అటే వాయనాడు కూడా చూద్దామనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. దమ్మనకట్టె దాటి మానందవాడి వెళ్ళే రోడ్డు అడవిలోంచే పోతుంది, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. బందీపూర్ మీదుగా వెళ్ళే రోడ్లు రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకా మూత. మానందవాడి దారిలోనే బళ్ళె ఏనుగుల క్యాంపు ఉంది. 2012 నుంచి 2019 దాకా మైసూరు దసరాలో బంగారు అంబారీ మోసిన అర్జున ఆ క్యాంపు ఏనుగే, 2023 డిసెంబరులో హాసన్ జిల్లాలో అడవి ఏనుగుతో పోరులో చనిపోయింది.

ఏం తీసుకెళ్ళాలి

ఖాకీ, ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు. తెల్ల చొక్కాలు, ఎర్ర చీరలు ఫొటోలకి బాగుంటాయి గానీ అడవిలో దూరం నుంచే తెలిసిపోతాయి. సెంటు వద్దు. ఎండాకాలమైనా పొద్దుటి సఫారీకి పలుచటి స్వెట్టర్, డిసెంబరులో అయితే మంకీ క్యాప్ కూడా, తెరిచిన జీపులో తగిలే గాలి బెంగళూరు చలిలాంటిది కాదు. దుమ్ముకి చేతిరుమాలు, ఒరిజినల్ గుర్తింపు కార్డులు, మళ్ళీ నింపుకునే నీళ్ళ సీసా. చిప్స్ ప్యాకెట్లు రూములోనే ఉంచేయండి, ఆ చప్పుడు ఒక్కటి చాలు ఎదురుగా ఉన్న దుప్పి పారిపోవడానికి.

కెమెరా కంటే ముందు బైనాక్యులర్ కొనండి. 8 బై 42 రకం చాలు, మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెప్తుంది, రెండోది ముందున్న అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. పన్నెండు రెట్లవీ, పదహారు రెట్లవీ అని అమ్మేవి కదిలే బండిలో చేతిలో నిలవవు. ఫోన్‌తో దూరపు పులిని తీస్తే వచ్చేది పసుపు చుక్క. పెద్ద లెన్సు తెస్తే దాని సైజుని బట్టి విడిగా రుసుము కట్టాలి. ఫ్లాష్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఏ బండి, ఎక్కడ కూర్చోవాలి

నడుం నొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు జీపు ఎక్కొద్దు, గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. పెద్దవాళ్ళకి బస్సులో ముందు వరుస, ఇంకా హాయి కావాలంటే పడవ. పడవలో వెళ్తే ఒడ్డున ఎండ కాగుతున్న మొసళ్ళు, నీటికుక్కలు, ఎండుచెట్ల కొమ్మల మీద చేపల గద్దలు, నీళ్ళు తాగడానికి దిగిన ఏనుగులు, ఇవన్నీ కుదుపు లేకుండా కూర్చున్నచోటి నుంచే చూడొచ్చు. ఆ ఎండుచెట్లు కూడా ఊరికే నిలబడినవి కావు, 1974లో ఆనకట్ట పూర్తయ్యాక మునిగిన అడవి మిగిల్చిన మోళ్ళు. కాకనకోటెలో ఏనుగుల్ని మందలు మందలుగా తోలి పట్టిన ఖెడ్డాల నేల కూడా ఆ నీళ్ళ కిందే పోయింది, చివరి ఖెడ్డా జరిగింది 1971లో.

రెండు సఫారీలకి డబ్బుంటే సాయంత్రం పడవ, పొద్దున జీపు. ఇదే నా సలహా. పొద్దుట పూట రాత్రంతా నడిచిన పులి అడుగులు దారి ఇసుకలో ఇంకా చెదరకుండా ఉంటాయి, డ్రైవరు వాటిని చూసే ఎటు వెళ్ళాలో తేల్చుకుంటాడు. జోన్ ఎ, జోన్ బి అని బండ్లని పంచుతారు, మీకేది పడుతుందో మీ చేతిలో ఉండదు, దాని గురించి కౌంటర్ దగ్గర గొడవ పడటం దండగ. బాత్రూమ్ పని ఎక్కే ముందే చూసుకోవాలి, లోపల దిగనివ్వరు.

లోపలికి వెళ్ళాక

మొదటి అరగంట మాట్లాడకండి. పెద్ద ఉపాయమేమీ కాదు, కానీ అడవిలో సగం సమాచారం చెవి నుంచే వస్తుంది. కొండముచ్చులు చెట్టు పైన, చుక్కల దుప్పులు కింద, ఈ జోడీ ఎక్కడ చూసినా కనబడుతుంది. పైనున్నవి తింటూ రాల్చే ఆకులు, కాయలు కింద దుప్పులకి మేత. దానికి బదులా అన్నట్టు పైవాళ్ళకి దూరం నుంచే పులి కనబడుతుంది, కిందివాళ్ళకి వాసన తెలుస్తుంది, ఎవరికి ముందు తెలిస్తే వాళ్ళు అరుస్తారు. కొండముచ్చు దగ్గినట్టు ఖక్ ఖక్‌మంటుంది, దుప్పి సన్నగా ఈల వేసినట్టు కూస్తుంది. దుప్పి తేలిగ్గా భయపడుతుంది, ఒక్క కూత విని ఆశ పెట్టుకోవద్దు. కణితి, అంటే సాంబార్ జింక, మాత్రం అంత తొందరగా నోరు విప్పదు, అది గట్టిగా కొమ్ముబూర ఊదినట్టు అరిచి, కాలు నేలకేసి కొడుతూ ఒకే దిక్కుకి చూస్తోందంటే ఆ దిక్కున పులో చిరుతో ఉన్నట్టే. అప్పుడు డ్రైవరు ఇంజన్ ఆపేస్తాడు. ఆ పది నిమిషాలు ఎవరూ "ఏదీ? ఎక్కడ?" అనకుండా ఉండగలిగితే మీ బండికి అవకాశం ఉంది.

పులి పొదల్లో కంటే దారి మీద నడవడానికే ఇష్టపడుతుంది, అందుకే బండికి ఎదురొస్తుంది. ఎండాకాలంలో నీటి గుంటల దగ్గర చూడండి, వెనక కాళ్ళు ముందు దించి, వెనక్కి వెనక్కి నడుస్తూ నీళ్ళలో కూర్చుంటుంది. చిరుత కోసమైతే నేల మీద కాదు, అడ్డంగా పరుచుకున్న లావు కొమ్మల మీద చూపు పెట్టాలి, వేలాడే తోకే ముందు పట్టిస్తుంది. కబినిలో పేరు మోసిన నల్ల చిరుత వేరే జాతి కాదు, ఒంట్లో నల్ల రంగు ఎక్కువైన మామూలు చిరుతే, ఎండ పడితే మచ్చలు కూడా తెలుస్తాయి. దాని కోసం రోజుల తరబడి వచ్చి కూర్చునే ఫొటోగ్రాఫర్లు ఉన్నారు, ఒక్క పూటకి వెళ్ళిన మనం దాన్ని లెక్కలో పెట్టుకోనక్కర్లేదు.

పులి లేని గంటల్లో చూడటానికి చాలా ఉంది. తోకతో కలిపి దాదాపు మీటరుండే మలబారు ఉడత చెట్టు మీంచి చెట్టు మీదికి దూకుతుంది. ఎండుకొమ్మ మీంచి పాలపిట్ట లేస్తే రెక్కల్లో నీలం మెరుస్తుంది, మన ఊళ్ళలో దసరా రోజు దాన్ని చూడటం కోసం పొలాల వెంట తిరిగేవాళ్ళు కదా, అది తెలంగాణకే కాదు కర్ణాటకకీ రాష్ట్ర పక్షి. తోకకి రెండు తీగలు వేలాడే నల్లపిట్ట ఒకటుంది, మిగతా పిట్టల గొంతులన్నీ అనుకరిస్తుంది. మొసలి వీపులా పగుళ్ళున్న బెరడుతో నిలబడ్డవి నల్లమద్ది చెట్లు. పిల్లలకి ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చి కనబడినవన్నీ రాసుకోమనండి, పులి ఎప్పుడొస్తుందన్న ప్రశ్న చాలావరకు ఆగుతుంది.

ఏనుగు విషయంలో మాత్రం సరదా వద్దు. గున్న ఉన్న మంద, ఒంటరి మగ ఏనుగు, ఈ రెండింటికీ దూరం కావాలి. కన్నుకీ చెవికీ మధ్య నుంచి నల్లగా చెమ్మ కారుతూ ఉంటే మదం మీద ఉన్నట్టు. చెవులు విప్పి, తల ఎత్తి, ఒక్కసారి ముందుకొచ్చి ఆగిందంటే అది హెచ్చరిక, ఆ టైములో బండిలో ఒక్కరు కేకేసినా డ్రైవరు పని కష్టమవుతుంది. మీ సొంత కారులో అడవి రోడ్డు మీద వెళ్తున్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం. 2025 ఆగస్టులో బందీపూర్ రోడ్డు మీద ఏనుగుతో సెల్ఫీకి దిగిన ఒకాయన్ని అది తరిమి తొక్కింది, బతికి బయటపడ్డాడు, అటవీశాఖ 25,000 రూపాయల జరిమానా వేసింది. కారు ఆపొద్దు, దిగొద్దు, హారన్ కొట్టొద్దు, కోతులకి అరటిపళ్ళు వేయొద్దు. పళ్ళు వేస్తే పుణ్యమని అత్తయ్యగారు అంటే, రోడ్డు పక్కన తిండికి అలవాటు పడ్డ కోతులు బండ్ల కింద పడతాయని మెల్లగా చెప్పండి.

డ్రైవర్లకి టిప్పు ఆశ చూపి "పులి దగ్గరికి పోనీ" అనేవాళ్ళు ప్రతి బండిలో ఒకరుంటారు. అలా అన్నప్పుడే నాలుగు బండ్లు ఒక పులిని చుట్టుముడతాయి, దాని దారి మూసుకుపోతుంది. టిప్పు ఇవ్వాలనిపిస్తే పులి కనబడని రోజున ఇవ్వండి.

తిరుగు దారి

పొద్దుటి సఫారీ తొమ్మిది ప్రాంతంలో ముగుస్తుంది, టిఫిన్ చేసి పదకొండుకల్లా బయల్దేరితే మధ్యాహ్నం ఎండలో శ్రీరంగపట్నం చేరతారు. ఓపిక ఉంటే అక్కడ రంగనతిట్టు పక్షుల కేంద్రంలో ఆగండి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చెబితే 1940లో మైసూరు మహారాజు రక్షిత ప్రాంతంగా ప్రకటించిన కావేరి లంకలు అవి. ఏడాది మొదటి నెలల్లో ఎర్రకాళ్ళ కొంగలు, తెడ్డుమూతి కొంగలు గూళ్ళు కట్టి ఉంటాయి, పడవ వాటి పక్కనుంచే వెళ్తుంది, లెన్సు లేని ఫోన్‌కి కూడా మంచి ఫొటోలు దొరికే చోటు ఇదే. వానాకాలంలో కృష్ణరాజసాగర్ నుంచి నీళ్ళు వదిలితే పడవలు ఆపేస్తారు, అప్పుడు ఆగడం అనవసరం. ఆదివారమైతే మాత్రం రంగనతిట్టు కూడా మానేసి, మద్దూరులో వడ తినేసి, నాలుగు లోపల కెంగేరి చేరేలా చూసుకోండి, ఆ తర్వాత మైసూరు వైపు వీకెండ్‌కి వెళ్ళినవాళ్ళంతా అక్కడే కలుస్తారు.